నవ్వుకు బెదిరిన బార్లీ

హాంకాక్,
జూన్ 9

కైసాకు,

నీ ఉత్తరం అందింది. వేసవికి ఇంటికి రావడం లేదని మొదటి పేరాలో రాశావు, కుక్కపిల్లను తెచ్చుకున్నానని చివరి పేరాలో రాశావు. అసలు కారణాన్ని చివర దాచి, దాని ముందు మిగతావన్నీ పేర్చడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటే. బడిలో జీవితమంతా రేఖాగణితం చెప్పినదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా?

నాకు అర్థమైనది ఇది. చూపులేని మనిషికి దారి చూపే కుక్కగా తయారు కావలసిన పిల్లను మీ యూనివర్సిటీ విద్యార్థులు తలా ఒకటి పెంచుతారు. ఏడాది నిండాక శిక్షణ కేంద్రానికి తిరిగి ఇచ్చేస్తారు. అంటే వచ్చే మే నెలలో. ఆ సంగతి నీకు ఈరోజే తెలుసు కాబట్టి, మే వచ్చాక తెలియనట్టు ఏడవకూడదు.

మీ అమ్మ ఫీనిక్స్ నుంచి ఫోన్ చేసింది. "దానికి తను తినడానికే తీరిక ఉండదు, మధ్యలో కుక్కెందుకమ్మా?" అంది. "నిన్ను పెంచేటప్పుడు నాకు తీరిక ఉందా ఏం? పెంచలేదూ?" అన్నాను. ఠక్కున పెట్టేసింది. ఫోన్లతో వచ్చే చిక్కే ఇది. నువ్వు బాగున్నానంటావు, నేను బాగున్నానంటాను, ఇద్దరం పెట్టేస్తాం. ఉత్తరంలోనైతే కనీసం ఒక పేజీ నింపాలి. నువ్వు ఎనిమిదేళ్ళ పిల్లగా ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ నీచేత పేజీ నింపించడానికే చూస్తున్నాను.

తాతయ్య లేకుండా ఇది రెండో వేసవి. నాకేమీ ఇబ్బంది లేదు. పక్కింటి అర్విడ్ కట్టెలు కొట్టి పెడుతున్నాడు. ఆదివారం చర్చి, శనివారం ఊరి ఆడవాళ్ళందరూ కలిసి చేసే ఆవిరిస్నానం, అన్నీ యథావిధిగా జరుగుతున్నాయి.

కుక్క పేరు రాయడం మరిచావు.

నీ అమ్మమ్మ
ఐనో

*

ఆన్ ఆర్బర్,
సెప్టెంబర్ 20

అమ్మమ్మా,

పేరు బార్లీ. నేను పెట్టింది కాదు, కేంద్రం వాళ్ళే పెడతారు. ఒక ఈతలో పుట్టినవాళ్ళందరికీ ఒకే అక్షరంతో పేర్లు. వీడి అన్నదమ్ములు బిస్కెట్, బోరిస్ కూడా ఈ ఊళ్ళోనే పెరుగుతున్నారు.

వేసవంతా ఊరు ఖాళీగా ఉంది. నాకు లైబ్రరీలో పని. బార్లీ నా బల్ల కింద పడుకునేవాడు. సాయంత్రం నది వెంబడి నడిచేవాళ్ళం. ఒంటిమీద నీలం కోటు ఉంటే వాడు పనిలో ఉన్నట్టు. అప్పుడు ఎవరూ నిమరకూడదు, నేను కూడా ఊరికే ముద్దు చేయకూడదు. కోటు విప్పితే మాత్రం వాడు వట్టి వెర్రివాడు, తన తోకను తనే దొంగ అనుకుంటాడు.

ఇప్పుడు కాలేజీ తెరిచారు. నాతో గదిలో ఉండే అమ్మాయి పేరు జోసెలిన్. పొద్దస్తమానం నవ్వుతూనే ఉంటుంది. బార్లీ అంటే ప్రాణం. మా గదికి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. కాబట్టి దిగులు పడకు.

కొన్ని కుక్కలు చివరికి పనికి రావట. మనుషుల్ని చూసి జంకినా, చప్పుళ్ళకు బెదిరినా కేంద్రం వాళ్ళు వద్దంటారు. అలాంటివాటిని పెంచినవాళ్ళే ముందు అడిగి తీసుకోవచ్చు. బార్లీకి ఆ గతి పట్టదులే, వాడు బంగారం.

కైసా

*

ఆన్ ఆర్బర్,
నవంబర్ 11

అమ్మమ్మా,

నీ దగ్గర ఒక సాయం కావాలి. పెంచిన మనిషికే కుక్క అంటుకుపోకూడదని ఇక్కడ ఒక పద్ధతి ఉంది. చలికాలంలో మూడు వారాలపాటు దాన్ని వేరే ఇంట్లో ఉంచాలి. మామూలుగా విద్యార్థులు తమలో తామే కుక్కల్ని మార్చుకుంటారు. ఈసారి అందరికీ జతలు కుదిరిపోయాయి, నేనే మిగిలాను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు బార్లీని నీ దగ్గర వదిలి వెళ్ళనా? మా బృందాన్ని చూసుకునే డెల్ఫీన్ గారు నీతో ఒకసారి మాట్లాడతానన్నారు. దయచేసి ఆవిణ్ణి పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలు అడగకు.

కైసా

*

హాంకాక్,
నవంబర్ 19

కైసాకు,

డెల్ఫీన్ గారితో మాట్లాడాను. ప్రశ్నలు ఆవిడ అడిగినవాటికన్నా నేను అడిగినవే ఎక్కువ, కానీ ఆవిడకు నచ్చాను. కుక్కను తీసుకురా.

ఒక్క సంగతి నాకు పొసగలేదు. ఊరినిండా విద్యార్థులు, గదినిండా స్నేహితులు. అయినా కుక్కను మూడు వారాలు ఉంచడానికి బస్సులో పగలంతా ప్రయాణం చేసి ముసలమ్మ దగ్గరికి రావలసి వచ్చింది. దీనికి జవాబు ఇప్పుడే రాయనక్కరలేదు.

మంచు మోకాలి దాకా పడింది. బూట్లు తెచ్చుకో.

ఐనో

*

హాంకాక్,
జనవరి 17

కైసాకు,

కుక్క క్షేమం. నువ్వు బస్సెక్కాక తలుపు దగ్గర కూర్చుంది. పిలిచినా రాలేదు. పిలవడం మానేసి నా పని చూసుకున్నాను, అప్పుడు వచ్చింది. గిన్నెకు ఎంత కొలవమన్నావో అంతే కొలిచి పెడుతున్నాను. కోటు ఉన్నంతసేపు ముట్టుకోవడం లేదు.

వారానికి ఒకసారి మనుషుల్లోకి తీసుకెళ్ళమని నువ్వు రాసిచ్చిన కాగితంలో ఉంది కాబట్టి ఆదివారం చర్చికి తీసుకెళ్ళాను. దారిలో మంచు తోసే బండి మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది, చెవి కూడా కదపలేదు. లోపల ఆర్గన్ మోగింది, ఆవులించింది. ప్రార్థన అయ్యాక కింది హాల్లో కాఫీకి కూర్చున్నాం. అర్విడ్ వచ్చాడు.

"ఏం ఐనో, కుక్కను నువ్వు తీసుకొచ్చావా, కుక్కే నిన్ను లాక్కొచ్చిందా?" అన్నాడు.

"దానికి శిక్షణ ఉంది, నీకు లేదు. కూర్చుని కాఫీ తాగు" అన్నాను.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. కుక్క తోక ముడుచుకుని బెంచీ కిందికి దూరింది. చెయ్యి పెడితే ఒళ్ళంతా వణుకుతోంది. అర్విడ్ భార్య మార్తా రొట్టెముక్క చూపించినా బయటికి రాలేదు. తర్వాత ఆదివారం మళ్ళీ తీసుకెళ్ళాను. మళ్ళీ నవ్వారు, మళ్ళీ దూరింది.

మంచుబండికి బెదరలేదు. ఆర్గన్‌కు బెదరలేదు. అర్విడ్ రంపం మోత పెట్టినా దాని పక్కనే నిద్రపోయింది. పదిమంది కలిసి నవ్వితే మాత్రం ఉరుము ఉరిమినట్టు బెదిరిపోయింది. దానర్థం ఒక్కటే. ఆ చప్పుడు అది ఎప్పుడూ వినలేదు.

జోసెలిన్ పొద్దస్తమానం నవ్వుతుందని రాశావు.

వచ్చే వారం అర్విడ్ తన కూతుర్ని చూడడానికి మీ వైపు వస్తున్నాడు, బండిలో కుక్కను తెచ్చి అప్పగిస్తాడు.

ఐనో

*

ఆన్ ఆర్బర్,
ఫిబ్రవరి 4

అమ్మమ్మా,

బార్లీ చేరాడు. చాలా కృతజ్ఞతలు. నవ్వు సంగతికి నువ్వు అంత అర్థం తీయనక్కరలేదు. కొత్తచోటు, కొత్త మనుషులు, ఏ కుక్కైనా జంకుతుంది.

నేనూ ఒకటి గమనించాను. ఇదివరకు వాడు తిండి దగ్గర నా కుర్చీ కింద, నా పాదాలమీద గడ్డం ఆనించి పడుకునేవాడు. నీ దగ్గరనుంచి వచ్చాక అలా పడుకోవడం లేదు. నేను కూర్చోగానే తిన్నగా ఎదుటి కుర్చీ కిందికి వెళతాడు. ఖాళీ కుర్చీ. అక్కడ ఎవరివో పాదాలు ఉన్నట్టు గడ్డం నేలకు ఆనించి పడుకుంటాడు. రోజూ ఇదే వరస. మూడు వారాల్లో కుక్కకు ఇంత గట్టి అలవాటు కావాలంటే అది పూటపూటా జరగాలని డెల్ఫీన్ గారు అన్నారు.

మన వంటింట్లో నీ ఎదుటి కుర్చీ తాతయ్యది. క్రిస్మస్‌కి నేనున్నప్పుడు దానిమీద పాత పత్రికలు పేర్చి ఉన్నాయి. నేను వెళ్ళాక ఏం జరిగింది?

కైసా

*

హాంకాక్,
ఫిబ్రవరి 13

కైసాకు,

నవ్వు గురించి నేను అడిగాను, నువ్వు జవాబు చెప్పలేదు. కుర్చీ గురించి నువ్వు అడిగావు. పెద్దదాన్ని కాబట్టి ముందు నేను చెబుతాను. తర్వాత నీ వంతు.

పత్రికలు నువ్వు వస్తున్నావని పెట్టినవి. నువ్వు వెళ్ళిన మధ్యాహ్నమే తీసేశాను. తాతయ్య కప్పులో రోజూ కాఫీ పోస్తాను. రాత్రి ఎంత మంచు పడిందో చెబుతాను. ఆయన ఉన్నప్పుడూ మా మాటలు అంతకు మించి ఉండేవి కావు, కాబట్టి పెద్ద తేడా తెలియదు. చల్లారాక కాఫీ పారబోస్తాను. ఆయన ఊలు చెప్పులు కుర్చీ కిందే ఉన్నాయి. బార్లీ రెండోరోజే వాటిని కనిపెట్టి గడ్డం ఆనించాడు. కోటు వేసి ఉన్నాడు, లేపాలి. నేను లేపలేదు.

చర్చి, ఆవిరిస్నానం యథావిధిగా జరుగుతున్నాయని రాశాను. జరుగుతూనే ఉన్నాయి. నేను వెళుతున్నానని ఎక్కడా రాయలేదు. ఆయన్ను సాగనంపిన నాటినుంచి, కుక్కతో వెళ్ళిన రెండు ఆదివారాలు తప్ప నేను చర్చి కింది హాలు మెట్లు దిగలేదు. అబద్ధం ఆడకుండా అబద్ధం చెప్పడం నీకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

ఇక నీ సంగతి. నాకు తోచింది రాస్తాను, తప్పైతే కొట్టెయ్యి. నీ గదిలో ఎవరూ లేరు. నువ్వు వెళ్ళే దారుల్లో మనుషులుండరు. కుక్క ఆ దారుల్లోనే పెరిగింది. మనుషుల్ని చూసి జంకే కుక్కను కేంద్రం వద్దంటుందని నువ్వే సెప్టెంబరులో రాశావు. వద్దన్న కుక్క ఎవరిదవుతుందో కూడా రాశావు.

కైసా, నువ్వు దాన్ని కావాలనే అలా పెంచుతున్నావా?

ఐనో

*

ఆన్ ఆర్బర్,
మార్చి 2

అమ్మమ్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను.

జోసెలిన్ రెండు వారాలే ఉంది. కుక్క బొచ్చు తనకు పడలేదు, తుమ్ములు. వెళ్ళేటప్పుడు మంచిగానే వెళ్ళింది. "ఏమనుకోకు కైసా, అప్పుడప్పుడు వస్తుంటాను" అంది. రాలేదు. రెండో మంచం ఖాళీగానే ఉంది. దానిమీద ఇస్త్రీ బట్టలు పెడతాను, ఎవరో ఉన్నట్టు ఉంటుందని.

మొదట్లో కావాలని చేయలేదు. వేసవిలో ఊరు నిజంగానే ఖాళీ. శరత్కాలంలో అందరూ వచ్చేసరికి నాకు ఆ ఖాళీ దారులే అలవాటైపోయాయి. క్లాసు మొదలయ్యే క్షణానికి వెళ్ళి వెనకవరసలో కూర్చునేదాన్ని, అయిపోయే ముందే లేచేదాన్ని. డైనింగ్ హాలు మూసే వేళకు వెళ్ళి మూల బల్ల దగ్గర తినేదాన్ని. వాడు నాతోపాటే ఉన్నాడు కాబట్టి వాడూ అంతే నేర్చుకున్నాడు.

నవంబరులో మా బృందం అంతా కలిసింది. బిస్కెట్, బోరిస్ జనం మధ్య హాయిగా పడుకున్నారు. బార్లీ నా కాళ్ళ వెనక దాక్కున్నాడు. డెల్ఫీన్ గారు నన్ను పక్కకు పిలిచి, "వీణ్ణి ఇంకాస్త జనంలో తిప్పాలమ్మా, లేకపోతే ఏప్రిల్ పరీక్షలో నిలబడడు" అన్నారు. సరేనన్నాను. ఆ రోజునుంచీ నాకు తెలుసు. తెలిసీ నది దారే పట్టాను. ప్రతి సాయంత్రం వాడికి కోటు తొడుగుతూ అనుకునేదాన్ని, నువ్వు ఓడిపోతే నాతోనే ఉంటావురా అని.

వాడు బంగారమని రాశాను కదా. వాడు బంగారమే, అమ్మమ్మా. వాణ్ణి చెడగొట్టింది నేను.

నువ్వు తిడతావని తెలుసు. తిట్టు.

కైసా

*

హాంకాక్,
మార్చి 9

కైసాకు,

తిట్టను. ఖాళీ కుర్చీకి కాఫీ పోసే మనిషికి ఆ అధికారం లేదు. చెప్పవలసింది మాత్రం చెబుతాను.

ఆ కుక్క కోసం ఎక్కడో ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. ఎవరో మనకు తెలియదు. వీధి దాటాలంటే ఎవరో ఒకరి చెయ్యి అడగవలసిన మనిషి. అలా అడగడం నీకూ నాకూ చేతకాదు, కాబట్టి అది ఎంత కష్టమో మనకే బాగా తెలియాలి. నీ ఒంటరితనం తీరడానికి ఆ మనిషి ఇంట్లో కూర్చోవాలా?

ఏప్రిల్ చివరి దాకా వ్యవధి ఉంది. రేపటినుంచి మధ్యాహ్నం భోజనానికి హాలు కిటకిటలాడే వేళకు వెళ్ళు. మధ్య బల్ల దగ్గర కూర్చో. నవ్వుతూ మాట్లాడనక్కరలేదు. నవ్వేవాళ్ళ పక్కన కూర్చుంటే చాలు. వాడు బెదిరితే నువ్వు లేవకూడదు. నువ్వు లేస్తే, బెదరడమే సరైన పని అనుకుంటాడు.

వట్టి చేతులతో ఎదుటివాళ్ళకు పని చెప్పే అలవాటు నాకు లేదు. వచ్చే ఆదివారం నేనూ ఆ మెట్లు దిగుతాను. ఈసారి కుక్క లేకుండా.

ఐనో

*

ఆన్ ఆర్బర్,
ఏప్రిల్ 6

అమ్మమ్మా,

మొదటిరోజు ఘోరం. మధ్య బల్ల దగ్గర కూర్చున్నాను. పక్క బల్లవాళ్ళు ఏదో తలుచుకుని విరగబడి నవ్వారు. బార్లీ గొలుసు లాగి వెనక్కి గుంజుకున్నాడు, నా సూపు గిన్నె ఒళ్ళో బోర్లాపడింది. అందరూ మావైపే చూశారు. లేచి పారిపోవాలనిపించింది. నీ ఉత్తరం జేబులో ఉంది. తడిసిన స్కర్టుతో అలాగే కూర్చుని తిన్నాను, మిగిలింది రొట్టె ఒక్కటే అయినా.

ఇప్పుడు వాడు వణకడం తగ్గింది. చెవులు వెనక్కి వేసి నా మొహంలోకి చూస్తాడు. నేను కదలకపోతే పడుకుంటాడు. ఒమారీ అని ఒకబ్బాయి రోజూ అటువైపు కూర్చుంటాడు. నిన్న, "మీ కుక్కకు నా జోకులు నచ్చవనుకుంటాను" అన్నాడు. "నాకూ నచ్చవు" అన్నాను. అతను నవ్వాడు. బార్లీ కదలలేదు. నేనే కాస్త కదిలాను.

అయినా వాళ్ళు అడిగేదంతా కుక్క గురించే. పేరేమిటి, ఏం తింటాడు, ఎప్పుడు ఇచ్చేస్తారు అని. నా పేరు ఇంకా ఎవరూ అడగలేదు.

నువ్వు మెట్లు దిగావా?

కైసా

*

హాంకాక్,
ఏప్రిల్ 14

కైసాకు,

దిగాను. మొదటి ఆదివారం గోడవారగా నిలబడి కాఫీ తాగి వచ్చేశాను. రెండోసారి మార్తా, "కుక్కేదీ?" అంది. "అది పనిమీద వెళ్ళింది" అన్నాను. "మరి నువ్వు కూర్చోవడానికి అది కూడా ఉండాలా?" అంది. కూర్చున్నాను. తర్వాత వాళ్ళ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. నాకు ఏమాత్రం ఆసక్తి లేని విషయం. అయినా చివరి దాకా ఉన్నాను.

పేరు ఎవరూ అడగలేదన్నావు. నువ్వు ఒమారీ పేరు ఎలా తెలుసుకున్నావు? అడిగావా, ఎవరో పిలుస్తుంటే విన్నావా? విని ఉంటే, ముందు నువ్వు వెళ్ళి అడుగు.

ఐనో

*

ఆన్ ఆర్బర్,
మే 23

అమ్మమ్మా,

పరీక్ష నెగ్గాడు. నాటకాల హాల్లో పెట్టారు. హాస్యనాటకం, నిండా జనం. మొదటి నవ్వుకు వాడి వీపు ఝల్లుమంది, నా అరచేతికి తెలిసింది. నావైపు చూశాడు. నేను ముందుకే చూస్తున్నాను. పడుకున్నాడు. నాటకం అయ్యేదాకా లేవలేదు. నాకు నాటకంలో ఒక్క ముక్క గుర్తులేదు. "మార్చిలో వీడిమీద ఆశ వదిలేశాను, ఏం చేశావమ్మా?" అని డెల్ఫీన్ గారు అడిగారు. నవంబరునుంచీ ఏం చేశానో ముందు అదే చెప్పాను. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నారు.

నిన్న కేంద్రంలో అప్పగించాను. కోటు నాచేతే విప్పించారు. కొత్తమనిషి గొలుసు పట్టుకోగానే వాడు ఆమె పక్కన సరిగ్గా నడిచాడు. తలుపు దాకా చూశాను. వెనక్కి తిరగలేదు. నువ్వు ఉంటే మెచ్చుకునేదానివి. నేనూ మెచ్చుకున్నాను, తర్వాత బస్సులో ఏడ్చాను. ఆ రోజు వస్తుందని నిరుడే తెలుసు, అయినా ఏడ్చాను.

ఈరోజు మధ్యాహ్నం డైనింగ్ హాలుకి వెళ్ళాను. కుక్క లేకపోతే ఎవరి చూపూ పడదని తెలిసింది. పరీక్షలైపోయి ఒమారీ ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు నా పేరు అడిగాడు, అంతవరకే. మధ్య బల్ల దగ్గరే కూర్చున్నాను. ఎదుటి కుర్చీ కిందికి ఎవరూ వెళ్ళలేదు. మొత్తం తిన్నాక లేచాను.

వచ్చే వారం ఇంటికి వస్తున్నాను. ఈసారి మొదటి పేరాలో రాయలేకపోయాను, ఏమనుకోకు.

కైసా

*

హాంకాక్,
మే 31

కైసాకు,

ఇది నువ్వు బయల్దేరే లోపు అందుతుందో లేదో. అందకపోతే, వచ్చాక బల్లమీద చదువుకో.

డెల్ఫీన్ గారికి నిజం చెప్పడం మంచి పని. ఏడవకూడదని నిరుడు నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది తెలివితక్కువ నియమం.

తాతయ్య కప్పు కడిగి అలమరలో పెట్టాను. చెప్పులు అర్విడ్‌కి ఇద్దామని తలుపు దాకా తీసుకెళ్ళి తిరిగి తెచ్చాను. ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. అవి అక్కడే ఉంటాయి, వాటి గురించి అడగకు. కుర్చీ ఖాళీగా ఉంది. నువ్వు వచ్చి కూర్చుంటావు, సెప్టెంబరులో వెళతావు, మళ్ళీ ఖాళీ అవుతుంది. ఈసారి దానిమీద పత్రికలు పేర్చను.

నిన్న శనివారం, ఆవిరిస్నానానికి వెళ్ళాను. పైవరస బెంచీ మీద మార్తా పక్కన చోటు దొరికింది. చీకటి, ఆవిరి, ఎవరి మొహం ఎవరికీ కనబడదు. మార్తా అర్విడ్ గురించి ఏదో చెప్పింది, నీకు రాయదగ్గ మాట కాదు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ చిన్న గదిలో అది ఉరుములాగే ఉంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. లేచి బయటికి పోవాలనిపించింది.

ఎవరూ గమనించలేదు. నేను మాత్రం బెంచీ కిందికి దూరలేదు.

నీ అమ్మమ్మ
ఐనో